గేట్‌వుడ్ అవ్వ సంచి

యాత్రకు బయలుదేరిన మనుష్యుని మూట విప్పి చూచినచో ఆతని భయములన్నియు ఒక్కొక్కటిగా బయటపడును. వాన కురిసిన నేమగునో యని ఒక వస్తువు, చలి వేసిన నేమగునో యని మరియొకటి, దారి తప్పిన నేమగునో యని ఇంకొకటి. బండియో, రైలుపెట్టెయో, కూలివాడో మోయుచున్నంతవరకు ఈ భయములకు బరువుండదు. తన వీపే మోయవలసివచ్చిన నాడు మాత్రము ప్రతి భయమును త్రాసులో పెట్టి తూచుకొనవలసి వచ్చును. ఏది లేకున్నను గడచునో, ఏది లేకున్న ప్రాణమునకే ముప్పు వచ్చునో తేల్చుకొనుట సులభము కాదు. కొందరికి జీవితమంతయు గడచినను అది తేలదు.

అట్లు తేల్చుకొని, తన చేతితో కుట్టుకొన్న ఒక గుడ్డసంచిని భుజమున తగిలించుకొని, అరువదియేడవ యేట రెండువేల మైళ్ల కొండదారిని ఒంటరిగా నడిచిన యొక వృద్ధురాలి చరిత్ర యిది. ఆమె పేరు ఎమ్మా గేట్‌వుడ్. అమెరికా ప్రజలు ఆమెను ‘గ్రాండ్మా గేట్‌వుడ్’ అని, అనగా గేట్‌వుడ్ అవ్వ యని, ఆప్యాయముగా పిలుచుకొనిరి. తేలికమూటతో కొండలలో సంచరించు పద్ధతిని గూర్చి నేడు వ్రాయువారు ఆమెను ఆ పద్ధతికి తొలిదారి చూపినవారిలో ఒకరిగా ఎంచుచున్నారు. ఆమె మాత్రము ఏ పద్ధతిని స్థాపింప దలచి యిల్లు వెడలలేదు.

బాల్యము, సంసారము

ఎమ్మా 1887వ సంవత్సరము అక్టోబరు 25వ తేదీన ఒహాయో రాష్ట్రములోని గాలియా మండలమున జన్మించెను. తండ్రి హ్యూ కాల్డ్‌వెల్ వ్యవసాయదారుడు. అమెరికా అంతర్యుద్ధములో గాయపడి ఒక కాలు పోగొట్టుకొని, తరువాత త్రాగుడునకు, జూదమునకు లోబడినవాడు. ఇంట పదునైదుగురు సంతానము. దుంగలతో కట్టిన యింటిలో పిల్లలు ఒక్కొక్క మంచముపై నలుగురేసి పండుకొనెడివారు. ఎమ్మా చదువు ఎనిమిదవ తరగతితో ఆగిపోయెను. కాని ఏ మొక్క తినదగినదో, ఏ ఆకు మందునకు పనికివచ్చునో, ఏ మబ్బు కురియునో చెప్పు చదువు ఆ పల్లెలోనే ఆమెకు అబ్బెను. కొంచెపు సరకుతో పెద్ద సంసారమును ఎట్లు గడుపవలెనో కూడ ఆ యింటనే నేర్చుకొనెను.

1907లో, పందొమ్మిదవ యేట, ఆమెకు పెర్రీ గేట్‌వుడ్‌తో వివాహమైనది. అతడు చదువుకొన్నవాడు. కొంతకాలము ఉపాధ్యాయుడుగా నుండి, పిదప పొగాకు సేద్యమునకు దిగెను. పెండ్లియైన మూడు నెలలకే భార్యపై చేయి చేసికొనెను. అది మొదలు ముప్పదియేండ్లకు పైగా ఆ చేయి ఆగలేదు. పదునొకండుగురు బిడ్డలను కని, పొగాకు మడులు చేసి, కంచెలు కట్టి, సిమెంటు కలిపి, వంటయిల్లు చూచుకొనుచు, ఆమె దెబ్బలు తినుచుండెను. ప్రాణము పోవునంతటి దెబ్బలు తిన్న సందర్భములును కలవు. అట్టివేళల ఆమె ఇంటి వెనుకనున్న అడవిలోనికి పోయి, చెట్ల నడుమ కొంతసేపు తిరిగి వచ్చెడిది. అడవి ఆమెకు వినోదస్థలము కాదు; ఎవరును కొట్టని చోటు.

1939లో ఒకనాడు ఆ దౌర్జన్యము పరాకాష్ఠ నందుకొనెను. పండ్లు విరిగి, ప్రక్కటెముక చిట్లి, ఆమె తిరుగబడి చేతికందిన పిండిసంచిని భర్తపై విసరెను. పిలువబడి వచ్చిన పోలీసు ఉద్యోగి నిర్బంధించినది ఆమెనే. గాయములతో వాచియున్న ఆమె ముఖమును చూచి ఆ చిన్నపట్టణపు మేయరు జాలిపడి, చెర విడిపించి, తన యింట ఆశ్రయమిచ్చెను. 1941లో ఆమెకు విడాకులు మంజూరైనవి. విడాకులు పొందిన స్త్రీని సంఘము గౌరవముతో చూడని కాలమది. అయినను ఆమె మిగిలిన పిల్లలను పెంచి, వారు ఎవరి దారిన వారు స్థిరపడువరకు కూలినాలి చేసి, వృద్ధుల శుశ్రూషాలయములో పనిచేసి, నాలుగు డాలర్లు కూడబెట్టుకొనెను.

పత్రికలో చూచిన దారి

అమెరికా తూర్పుభాగమున అపలాచియన్ పర్వతశ్రేణి కలదు. దాని శిఖరముల వెంబడి దక్షిణమున జార్జియా రాష్ట్రమునుండి ఉత్తరమున మెయిన్ రాష్ట్రము వరకు ఒక కాలిబాట వేయవలెనని 1921లో బెంటన్ మెకాయ్ అను ఆయన ప్రతిపాదించెను. స్వచ్ఛంద సేవకుల శ్రమతో 1937 నాటికి ఆ బాట కొనసాగి పూర్తియైనది. పదునాలుగు రాష్ట్రములగుండ పోవు ఆ దారికి చెట్ల బోదెలపై గీసిన తెల్లని గీటులే ఆనవాళ్లు. యుద్ధమునుండి తిరిగివచ్చిన ఎర్ల్ షేఫర్ అను సైనికుడు 1948లో దానిని ఆ చివరనుండి ఈ చివరకు ఒకే విడతలో నడచి చూపెను. అటుపిమ్మట అట్లు నడచినవారు కొద్దిమందియే. 1952లో మిల్డ్రెడ్ నార్మన్ అను నామె ఒక తోడుతో కలిసి నడచెను. ఒంటరిగా ఒకే విడతలో నడచిన స్త్రీ మాత్రము అంతవరకు లేదు.

1949వ సంవత్సరము ఆగస్టు నెల ‘నేషనల్ జియోగ్రాఫిక్’ పత్రికలో ఈ బాటను గూర్చి ఒక సచిత్రవ్యాసము వెలువడెను. కొన్నియేండ్లకు అది ఎమ్మా కంటబడెను. సామాన్యమైన ఆరోగ్యము గల యెవరైనను ఈ దారి నడువవచ్చునని, ఒక్కొక్క దినపు నడకకు ఒక్కొక్క బస చొప్పున కట్టియున్నవని ఆ వ్యాసమును చదివినవారికి తోచును. ఇంతవరకు ఏ స్త్రీయు ఒంటరిగా దీనిని పూర్తి చేయలేదన్న సంగతి ఆమె మనస్సులో నాటుకొనెను.

1954 జులైలో ఆమె ఉత్తరపు కొనయైన కటాడిన్ పర్వతమునుండి నడక ఆరంభించెను. ఆ యత్నము కొద్దిదినములలోనే విఫలమైనది. దారి తప్పెను, కండ్లద్దములు పగిలెను, తెచ్చుకొన్న ఆహారము అయిపోయెను. అటవీరక్షకులు ఆమెను కనుగొని, ఇంటికి మరలిపొమ్మని హితవు చెప్పిరి. ఆమె మరలిపోయెను. సంచి తేలికగా నుండుట యొక్కటే చాలదని, తెల్లగీటును కంట కనిపెట్టుట, తప్పినచో నిలిచి వెనుకకు మరలుట తెలియవలెనని ఆ అనుభవము చెప్పుచున్నది. తేలికమూట పొగడ్తలలో చాలమంది మరచు విషయమిది. మూటలో తగ్గించిన ప్రతి వస్తువునకు బదులు బుద్ధిలో ఒక నేర్పు చేరియుండవలెను. లేనిచో తగ్గించినది బరువు కాదు, ఆయువు.

ఓటమిని ఆమె ఎవరికిని చాటుకొనలేదు. ఆ చలికాలమంతయు తానున్న చోటనే వీధులవెంట నడచుచు, దినదినము దూరము పెంచుకొనుచు, కాళ్లను సిద్ధపరచుకొనెను.

సంచిలో ఏమున్నది?

ఆనాడు కొండయాత్రకు పోవువారి సామగ్రి ఎట్టిదో తెలిసికొన్నగాని ఆమె చేసిన పని విలువ తెలియదు. మందపు కాన్వాసు గుడారము, దూదియో ఈకలో కూరిన పడకసంచి, చట్రమునకు బిగించిన వీపుసంచి, కిరసనాయిలు పొయ్యి, వంటపాత్రలు, గొడ్డలి. పాదములకు జత మూడు నాలుగు పౌనులు తూగు తోలుబూట్లు. యుద్ధానంతరము అమ్మకమునకు వచ్చిన సైనికుల మిగులుసరకు చౌకగా దొరకుచుండెను గాని అదియు బరువే. ముప్పది నలువది పౌనులు వీపున మోయుట అప్పటి యాత్రికులకు మామూలు.

ఎమ్మా గుడారమును వదలెను. పడకసంచిని వదలెను. పొయ్యిని వదలెను. పటమును సయితము వదలెను. నీలిరంగు జీనుగుడ్డను కొలిచి, కత్తిరించి, తాడు ఎక్కించి ఒక సంచి కుట్టుకొనెను. దానికి రెండు పట్టీలు లేవు. ఒక భుజముపై వేసికొని, అలసినప్పుడు మరియొక భుజమునకు మార్చుకొనవలసినదే. దానిలో ఒక సైనికుల కంబళి, ఒక వానకోటు, స్నానపుగదిలో నీరు చిందకుండ వ్రేలాడదీయు ప్లాస్టిక్ తెర యొకటి, ఒక వెచ్చని కోటు. గాయములకు అంటించు పట్టీలు, అయొడిన్ బుడ్డి, జలుబునకు రాచుకొను మందు, తలపిన్నులు, మడతకత్తి, టార్చిదీపము, ఒక కలము, చిన్న జ్ఞాపకాల పుస్తకము. ఆహారమునకు చిన్నడబ్బాలలోని మాంసము, ఎండుద్రాక్ష, వేరుసెనగపప్పు, పాలపొడి, మాంసరసమును ఎండబెట్టి చేసిన బిళ్లలు. ఇవన్నియు చేరినను ఆ సంచి చాలవరకు 20 పౌనులకు, అనగా సుమారు 9 కిలోలకు, లోబడియే యుండెడిది.

ఈ జాబితాలో రెండు వస్తువులు ప్రత్యేకముగా గమనింపదగినవి. మొదటిది ఆ ప్లాస్టిక్ తెర. వాన వచ్చినప్పుడు సంచితో సహా ఒడలంతయు కప్పుకొనుటకు అదియే. నేల తడిగా నున్నప్పుడు క్రింద పరచుకొనుటకును అదియే. కాన్వాసు గుడారము తడిసినచో బరువు పెరుగును. ప్లాస్టిక్ తెరను దులిపిన చాలును. ఒక వస్తువు రెండుమూడు పనులు చేయవలెనను నియమమును నేడు తేలికమూటవారు శాస్త్రముగా చెప్పుకొనుచున్నారు. బీదయింటి గృహిణికి అది నిత్యకృత్యము.

రెండవది, గళ్లగుడ్డతో కుట్టిన ఒక గౌను. అడవిలో ఒంటరిగా నడచునామెకు గౌను ఎందులకని ఎవరికైనను తోచును. ప్రతి తులమును లెక్కించినామె దీనిని మాత్రము వదలలేదు. దులిపి తొడిగికొన్నచో పదిమందిలో కూర్చుండుటకు తగియుండవలెనని ఆమె కోరిక. ఏ యింటి తలుపైనను తట్టవలసివచ్చినప్పుడు తాను బిచ్చగత్తె కాదని చెప్పుకొనుటకు ఆమెకున్న పరిచయపత్రము అదియొక్కటే. ముప్పదియేండ్లు తన యింటనే గౌరవమునకు నోచుకొనని స్త్రీ, గౌరవమునకు సంచిలో చోటుంచినది.

పాదములకు తోలుబూట్లు కాక, రబ్బరు అడుగు గల కాన్వాసు జోళ్లు తొడిగెను. పాదమున మోసిన బరువు వీపున మోసిన బరువుకంటె అనేకరెట్లు అలసట కలిగించునని తరువాతి పరిశోధకులు నిర్ణయించిరి. ఆమె తన కాళ్ల మాట విని అట్లు చేసినది. ఆ జోళ్లు త్వరగా చిరిగిపోయెడివి. దారి ముగియులోపల ఆరేడు జతలు మార్చవలసివచ్చెను.

146 దినములు

1955 మే 3వ తేదీన జార్జియా రాష్ట్రములోని ఓగిల్‌థార్ప్ కొండపైనుండి ఆమె బయలుదేరెను. పిల్లలతో నడకకు పోవుచున్నానని మాత్రమే చెప్పెను, ఎంతదూరమో చెప్పలేదు. అప్పటికామెకు పదునొకండుగురు బిడ్డలు, ఇరువదిముగ్గురు మనుమలు.

ఆ వ్యాసములో వర్ణింపబడిన దారి ఆమెకు చాలచోట్ల కనబడలేదు. కూలిన చెట్లు అడ్డముపడి యుండెను. కలుపు మెడవరకు పెరిగియుండెను. గీటులు చెరిగిపోయియుండెను. కొన్ని బసలు కాలిపోయియుండెను. కొన్ని ఉండుటకు వీలులేనంత మురికిగా నుండెను. బస దొరకనిచోట ఎండుటాకులు ప్రోగుచేసికొని వానిపై పండుకొనెడిది. చలిరాత్రులందు బల్లపరుపు రాళ్లను నిప్పులో కాచి, వానిపై మేను వాల్చెడిది. తెచ్చుకొన్న తిండికి తోడు అడవిపండ్లు, ఎరిగిన ఆకులు తినెడిది. మోయని వస్తువుల స్థానమును ఆమె చిన్ననాటి పల్లెచదువు ఇట్లు భర్తీ చేసెను.

ఆమె సంచి అంత తేలికగా నుండుటకు ఇంకొక కారణము కూడ కలదు. దానిని దాచుట న్యాయము కాదు. దారిప్రక్కనున్న ఇండ్లవారిని ఆమె ఆశ్రయించెడిది. కొందరు భోజనము పెట్టి, పడక చూపిరి. కొందరు దేశదిమ్మరి యని తలచి తలుపు వేసికొనిరి. ముక్కుమొగము తెలియనివారి దయపై భారము వేసి నడచుట తేలికమూటలో ఒక భాగమే. గుడారము మోయువాడు ఎవరిని అడుగ నక్కరలేదు. మోయనివాడు అడుగవలెను, లేదన్నచో నొచ్చుకొనక ముందునకు సాగవలెను. అడుగుటకు సిగ్గుపడనంతటి ధైర్యము, నిరాకరింపబడినను కుంగనంతటి నిబ్బరము ఆ వృద్ధురాలికి గలవు. భర్తయింట పడిన పాట్ల ముందర ఒక అపరిచితుని తలుపు ఆమెకు లెక్కలోనిది కాదు కాబోలు.

వర్జీనియా రాష్ట్రము చేరునప్పటికి పత్రికలవారు ఆమె జాడ పసిగట్టిరి. అవ్వ నడచుచున్నదని ఊరూర వార్తలు వెలువడెను. తల్లి ఎక్కడికి పోయినదో ఆమె బిడ్డలకును అప్పుడే తెలియవచ్చెను. ఆగస్టు నెలలో కానీ, డయాన్ అను రెండు తుపానులు ఒకదానివెనుక నొకటి తూర్పుతీరమును ముంచెత్తెను. వాగులు పొంగి, వంతెనలు కొట్టుకొనిపోయి, పెక్కుమంది ప్రాణములు కోల్పోయిన విపత్తు అది. ఆ వానలలో ప్లాస్టిక్ తెర కప్పుకొని ఆమె నడచెను. పొంగిన వాగు యొకటి అడ్డమైనప్పుడు ఇద్దరు యువకులు ఆమెను పట్టుకొని ఆవలిగట్టునకు చేర్చిరి. తేలికమూటకు తుపానును ఎదిరించు శక్తి లేదు. ఆగవలసినచోట ఆగుట, సాయము పట్టవలసినచోట పట్టుట అను వివేకమే ఆమెను గట్టెక్కించెను.

సెప్టెంబరు 25వ తేదీన, బయలుదేరిన 146వ దినమున, ఆమె కటాడిన్ శిఖరమును అధిరోహించెను. అంతకు ముందటియేడు ఓడి మరలిన పర్వతమే అది. శిఖరముపై అమెరికా దేశభక్తిగీత మొకటి పాడుకొని, అచ్చటి పుస్తకములో సంతకము చేసెను. నడచిన దూరము 2,050 మైళ్లు. దినమునకు సగటున 14 మైళ్లు. ఆ బాటను ఒంటరిగా ఒకే విడతలో పూర్తి చేసిన మొదటి స్త్రీ ఆమెయే.

దిగివచ్చినపిదప ‘స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్’ పత్రిక ప్రతినిధి ప్రశ్నింపగా, ఆమె దారి దుఃస్థితిని నిర్మొగమాటముగా ఎండగట్టెను. అట్టి దారియని ముందు తెలిసియుండినచో బయలుదేరెడిదే కానని, బయలుదేరిన తరువాత మాత్రము మానుటకు మనసొప్పలేదని ఆమె మాటల సారాంశము. ఆ విమర్శ ఊరక పోలేదు. బాటను గూర్చి దేశమంతట ఆసక్తి పెరిగెను. దాని సంరక్షణకు శ్రద్ధ హెచ్చెను. 1968లో అమెరికా కాంగ్రెసు చేసిన శాసనమువలన అది మొట్టమొదటి జాతీయ దృశ్యమార్గములలో ఒకటిగా గుర్తింపబడెను.

తరువాతి నడకలు

ఒకసారి చాలునని ఆమె కూర్చుండలేదు. 1957లో అదే బాటను మరల ఆసాంతము నడచెను. 1959లో, ఒరెగాన్ రాష్ట్ర శతవార్షికోత్సవ సందర్భమున, మిస్సోరీ రాష్ట్రములోని ఇండిపెండెన్స్ పట్టణమునుండి పోర్ట్‌లాండ్ వరకు పూర్వపు వలసబండ్లు పోయిన మార్గమున రెండువేల మైళ్లు నడచెను. అప్పటికామె వయస్సు 71. అపలాచియన్ బాటను విడివిడిభాగములుగా మూడవమారు నడచి 1964లో ముగించెను. ఆ బాటను మూడుసార్లు పూర్తిచేసిన మొదటి వ్యక్తి, స్త్రీపురుషులందరిలో, ఆమెయే. స్వరాష్ట్రమైన ఒహాయోలో బక్‌ఐ కాలిబాట నిర్మాణమునకును తోడ్పడెను. తుదివరకు గడ్డి కోయుచు, దారి చక్కచేయుచు, గీటులు వేయుచు పనిచేసెను. ఇతరుల దారి బాగులేదని నిందించినామె తన ఊరిదారిని తన చేతులతో బాగుచేసినది.

1973 జూన్ 4వ తేదీన, తన 85వ యేట, ఆమె కన్నుమూసెను. ఒహాయోలోని హాకింగ్ హిల్స్ ప్రాంతమున ఆరుమైళ్ల బాట యొకటి ఆమె పేర వెలసినది. 2012లో అపలాచియన్ బాట గౌరవపట్టికలో ఆమె పేరు చేర్చబడినది.

ఆమె పోయిన రెండు దశాబ్దములకు, 1990 దశకమున, రే జార్డీన్ మొదలగువారు తేలికమూట పద్ధతిని గ్రంథస్థము చేసిరి. తిండి, నీరు, ఇంధనము మినహాయించి తక్కిన సామగ్రి 10 పౌనులు, అనగా సుమారు నాలుగున్నర కిలోలు, మించరాదను లెక్క నేడు ఆ మార్గమువారిలో వాడుకలోనున్నది. ముందుగా సంచి, బస, పడక అను మూడింటి బరువు తగ్గించుకొనుమని వారి మొదటి ఉపదేశము. ఇందుకై అరచేతిలో ఇముడు నైలాను కప్పులు, పక్షిఈకల దుప్పట్లు, కొలిచి కొలిచి చేసిన సంచులు అంగళ్లలో అమ్ముచున్నారు. వాని ధరలు మాత్రము తేలిక కావు. తక్కువ మోయుటకు ఎక్కువ వెచ్చింపవలసిన కాలము వచ్చినది.

అవ్వ సంచిని ఉన్నదున్నట్లు అనుకరింపుమని ఎవరును చెప్పరు. తడిసిన కంబళి బరువు. ఒకే భుజమున వ్రేలాడు సంచి మెడను నొప్పించును. పటము లేని నడక అపాయకరము. తూకపు త్రాసుకంటె ముందు ఆమె వేసికొన్న ప్రశ్న మాత్రము నేటికిని పాతబడలేదు. ఇది లేక నేను నడువలేనా? గుడారమును గూర్చి, పొయ్యిని గూర్చి, పటమును గూర్చి ఆ ప్రశ్న వేసి నడువగలననుకొన్నది. ఒకప్పుడు ఇంటిని, భర్తను, లోకుల మాటను గూర్చి కూడ ఆ ప్రశ్నయే వేసికొని, నడువగలననియే నిశ్చయించుకొన్నది. గళ్లగౌను దగ్గరకు వచ్చునప్పటికి మాత్రము సమాధానము వేరు. దానిని చక్కగా మడిచి సంచిలో పెట్టుకొన్నది.